వెలిగే జిగురు ఏం చెప్పగలదు?

గుంటూరు మిర్చి యార్డులో టిక్కీ (మిర్చి బస్తా) ధర తేలేది కళ్లతో, చేతులతో. కమీషన్ ఏజెంటు గోతంలో చెయ్యి పెట్టి గుప్పెడు కాయ బయటికి తీస్తాడు. రంగు చూస్తాడు, తాలు ఎంతుందో చూస్తాడు, కాయ గలగలమంటోందా, మెత్తగా వంగుతోందా అని చూస్తాడు. ఏసీ గోడౌనులో దాచిన సరుకో, కల్లం నుంచి నేరుగా వచ్చిందో పట్టుకుని చెప్పేవాళ్లున్నారు. ఏళ్ల తరబడి చేతికి పట్టుబడిన విద్య ఇది, తక్కువ చెయ్యడానికి లేదు. అయితే ఈ విద్యకు అందనివి రెండున్నాయి. ఒకటి, కాయ మీద మిగిలిపోయిన పురుగుమందు. రెండోది, బూజు తాను పెరుగుతూ కాయలో వదిలిపెట్టే విషం, అఫ్లాటాక్సిన్.

అందకపోవడానికి కారణం మోతాదే. యూరప్ సమాఖ్య నిబంధన ప్రకారం కిలో ఎండుమిర్చిలో అఫ్లాటాక్సిన్లన్నీ కలిసి 10 మైక్రోగ్రాములు దాటకూడదు. అందులో బి1 అనే రకం 5 దాటకూడదు. టిక్కీకి 40 కిలోలనుకుని లెక్కకడితే, టిక్కీ మొత్తానికీ 0.4 మిల్లీగ్రాములు. మన వంటింటి మెత్తటి ఉప్పులో ఆరేడు రేణువులు అంత తూగుతాయి. ఆ మాత్రం ఎక్కువైతే కంటైనరు వెనక్కి వస్తుంది. ఎంత అనుభవం ఉన్న కన్నయినా దీన్ని పట్టలేదు.

చిత్రమేమిటంటే, ఆ విషం కాంతికి మాత్రం దొరికిపోతుంది. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు అంతుచిక్కని జబ్బుతో చనిపోతే, దాణాలో కలిపిన వేరుశనగ చెక్కలో బూజు వల్ల పుట్టిన విషం బయటపడింది. దాన్ని విడదీసి అతినీలలోహిత దీపం కింద పెడితే కొన్ని మచ్చలు నీలంగా, కొన్ని ఆకుపచ్చగా వెలిగాయి. ఇంగ్లీషులో నీలానికి తొలి అక్షరం బి, ఆకుపచ్చకు జి. బి1, బి2, జి1, జి2 అన్న పేర్లు అలా వచ్చినవే. ఇవాళ్టికీ పెద్ద ల్యాబుల్లో అఫ్లాటాక్సిన్‌ను కొలిచే పద్ధతుల్లో ముఖ్యమైనది ఆ వెలుగును కొలవడమే.

వెలుగుతో కొలవడం కొత్త కాదు. కొత్తదల్లా, ఆ పనిని ల్యాబు బల్ల మీది లక్షల రూపాయల యంత్రం నుంచి దించి, వేలెడంత జిగురు ముక్కలోకి తేవాలన్న ప్రయత్నం. మొక్కల నుంచి వచ్చిన పాలిమర్లలో నానో కణాలు ఇరికించి చేసే ఈ పదార్థాన్ని ప్రతిదీప్తి హైడ్రోజెల్ అంటున్నారు. పత్రికల్లో దీని బొమ్మ ఎప్పుడూ ఒకేలా ఉంటుంది: చీకట్లో నీలంగా మెరిసే జెల్లీ ముద్ద, పక్కన గ్లౌజు తొడుక్కున్న చెయ్యి. మెరిస్తే మనకేం ఒరుగుతుందన్నది ఆ బొమ్మ చెప్పదు.

తుళ్లూరు చుట్టుపక్కల ఉన్నవాళ్లకు ఈ ప్రశ్న అడిగే హక్కు కాస్త ఎక్కువే ఉంది. పత్తి, మిర్చి పండిన నల్లరేగడి ఇది. 2015లో ఆంధ్రప్రదేశ్ రాజధాని కోసం ఇక్కడ భూసమీకరణ జరిగింది. 2017లో ఇదే మండలంలోని ఐనవోలులో విఐటి, పొరుగున నీరుకొండలో ఎస్ఆర్ఎం విశ్వవిద్యాలయాలు తెరుచుకున్నాయి. గుంటూరు నుంచి అమరావతి వెళ్లే దారిలో లాం వ్యవసాయ పరిశోధనా కేంద్రం అంతకు చాలా ముందు నుంచే ఉంది. ఎల్‌సిఎ 334 లాంటి మిర్చి రకాలు పుట్టింది అక్కడే. చేను, ల్యాబు ఇంత దగ్గరగా ఉన్నచోట ఒకదాని సంగతి రెండోదానికి తెలియకపోతే ఎలా?

ముందు వెలుగు సంగతి. నోట్లు సరిచూసే నీలిరంగు లైటు చాలా దుకాణాల్లో ఉంటుంది. చిటికెడు పసుపును కొంచెం సర్జికల్ స్పిరిట్‌లో కలిపి, తేర్చి, చీకట్లో ఆ లైటు కింద పెట్టి చూడండి. పసుపుపచ్చ ద్రవం ఆకుపచ్చ ఛాయతో వెలుగుతుంది. సబ్బుపొడితో ఉతికిన తెల్ల చొక్కా నీలంగా మెరుస్తుంది. ఆ లైటు నుంచి వచ్చేదాంట్లో చాలాభాగం మన కంటికి కనపడని అతినీలలోహిత కాంతి. పసుపులోని కర్కుమిన్ అణువు దాన్ని మింగుతుంది. మింగిన శక్తితో అణువులోని ఎలక్ట్రాను పై మెట్టుకు ఎగురుతుంది. అక్కడ ఎంతోసేపు నిలవదు. కొంచెం శక్తి వేడి రూపంలో జారిపోగా, మిగిలినదాన్ని కాంతిగా వదిలి కిందికి దిగుతుంది. కొంత పోగొట్టుకుంది కాబట్టి బయటికొచ్చే కాంతి బలం తక్కువ, అలపొడవు ఎక్కువ. అందుకే కనపడనిది కనపడే రంగుగా మారుతుంది. ఇదంతా సెకనులో వందకోట్లవ వంతు లెక్కలో జరిగే పని. లైటు ఆపితే వెలుగూ ఆగుతుంది. రేడియోధార్మికతతో దీనికి ఏ సంబంధమూ లేదు. కేంబ్రిడ్జిలో పనిచేసిన జార్జి స్టోక్స్ 1852లో దీన్ని వివరించి ఫ్లోరొసెన్స్ అని పేరు పెట్టాడు. మన పాఠ్యపుస్తకాలు ప్రతిదీప్తి అంటున్నది దీన్నే.

కొలతకు ఇదెందుకు పనికొస్తుంది? మామూలు రంగును కొలవాలంటే బోలెడు కాంతి పంపి, అందులో కాస్త తగ్గినదాన్ని లెక్కగట్టాలి. ఎక్కువలో నుంచి కొంచెం తగ్గడాన్ని పట్టుకోవడం కష్టం. ప్రతిదీప్తిలో అలా కాదు. వెనక అంతా చీకటి, ముందున్నది ఆ కొంచెం వెలుగే. అందుకే అతితక్కువ మోతాదులు కూడా చిక్కుతాయి.

ఇక జిగురు. వేసవిలో మనం తినే తాటిముంజ హైడ్రోజెల్లే. లేత గింజలో గాలాక్టోమానన్ అనే చక్కెర గొలుసు నీళ్లను పట్టి ఉంచితే అది ముంజ. గోరుచిక్కుడు గింజల నుంచి తీసే గువార్ గమ్ కూడా గాలాక్టోమాననే. మెంతులు నానబెడితే వచ్చే జిగురూ అదే. సబ్జా గింజ నీళ్లలో పడగానే చుట్టూ గాజులాంటి పొర కట్టుకుంటుందే, అదీ చక్కెర గొలుసులు నీళ్లు తాగి ఉబ్బడమే. మన నాలుకకు ఎప్పటి నుంచో తెలిసిన వస్తువు, ల్యాబులో ఇంకో పేరుతో తిరుగుతోంది.

పాలిమరంటే పొడవాటి గొలుసు. విడి తాళ్లు నీళ్లలో వేస్తే చెదిరిపోతాయి, అవే తాళ్లను అక్కడక్కడా ముడివేస్తే వల అవుతుంది. గొలుసుల మధ్య అలాంటి ముడులు వేసినప్పుడు జిగట ద్రవం కాస్తా జెల్ అవుతుంది. ఆల్జినేట్‌కు కాల్షియం ముడి వేస్తుంది. గువార్‌కు బోరాక్స్ వేస్తుంది. సెల్యులోజు గొలుసులకు సిట్రిక్ ఆమ్లంతో వేడిమీద ముడి వేయవచ్చు. ముడులు ఎక్కువైతే జెల్ గట్టిది, నీళ్లు తక్కువ తాగుతుంది. తక్కువైతే ఎక్కువ తాగి చేతికి రాకుండా జారిపోతుంది. ఈ పనిలో నైపుణ్యమంతా ఈ బేరం కుదర్చడంలోనే ఉంది.

నీళ్లెందుకు తాగుతుందన్నది కొంచెం ఆగి చూడాలి, తర్వాత మనకు పనికొస్తుంది. ఇలాంటి చాలా గొలుసుల మీద రుణావేశాలుంటాయి. ఒకే రకం ఆవేశాలు ఒకదాన్నొకటి తోసుకుంటాయి కాబట్టి వల విచ్చుకుంటుంది. వాటికి జతగా ఉండే సోడియం అయాన్లు బయటి నీళ్లను లోపలికి లాగుతాయి. స్వచ్ఛమైన నీళ్లలో పొడి జెల్ తన బరువుకు వందల రెట్లు తాగేది ఇందుకే. అదే జెల్‌ను ఉప్పునీళ్లలో వెయ్యండి. బయటా అయాన్లే, లోపలా అయాన్లే. లాగుడు తగ్గిపోతుంది, వల ముడుచుకుంటుంది. ప్యాకెట్టు మీద రాసిన వందల రెట్లు అన్న లెక్క మన బోరునీళ్లతో రాదు.

ఈ జెల్‌లకు ఇప్పటికే ఒక చరిత్ర ఉంది. 1960లో చెక్ శాస్త్రవేత్తలు విక్టర్లే, లిమ్ కంటి కాంటాక్ట్ లెన్సుకు పనికొచ్చే జెల్‌ను ప్రకటించారు. 1970లలో అమెరికా వ్యవసాయ శాఖ పియోరియా ల్యాబులో మొక్కజొన్న పిండికి మరో పాలిమర్ అంటుకట్టి, వందల రెట్లు నీళ్లు తాగే పొడి చేశారు. మన దేశంలో ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధనా సంస్థ సెల్యులోజు ఆధారంగా పూసా హైడ్రోజెల్ తయారుచేసింది. తన బరువుకు కనీసం 350 రెట్లు నీళ్లు పడుతుందని, హెక్టారుకు రెండున్నర నుంచి 5 కిలోలు చాలని దాని లెక్క. నీళ్లు నిలవని ఇసుకనేలలో, ఎర్రనేలలో దానికి అర్థముంది. తుళ్లూరు నల్లరేగడిలో మాత్రం ఎవరైనా అదే పొడిని గొప్పగా అమ్మజూపితే రెండుసార్లు ఆలోచించాలి. ఈ మట్టిలోని బంకకణాలు నీళ్లు తాగి ఉబ్బి, ఎండితే బీటలు వారే రకం. అది చాలావరకు తానే నీళ్లు దాచుకుంటుంది.

ఇప్పుడు వెలిగే కణాల దగ్గరికి వద్దాం. 2004లో అమెరికాలోని సౌత్ కరోలినా విశ్వవిద్యాలయంలో కార్బన్ నానోట్యూబులను మసిలో నుంచి శుద్ధిచేస్తుంటే, మిగిలిన మురికిలో కొంత భాగం వెలుగుతూ కనిపించింది. రెండేళ్ల తర్వాత వాటికి కార్బన్ డాట్స్ అన్న పేరు స్థిరపడింది. పది నానోమీటర్ల లోపు బొగ్గు చుక్కలవి. తలవెంట్రుక మందం ఎనభై వేల నానోమీటర్ల దాకా ఉంటుంది కాబట్టి, ఆ మందంలో ఇలాంటి చుక్కలు ఎనిమిది వేలు వరసగా పడతాయి. వీటికంటే ముందే క్వాంటం డాట్స్ అనే స్ఫటికాలు వచ్చాయి. 2023 రసాయన నోబెల్ వాటికే దక్కింది. వాటి వెలుగు శుభ్రంగా ఉంటుంది. కానీ పేరున్న రకాల్లో కాడ్మియం ఉంటుంది, అది విషలోహం. తినేదాని పక్కన పెట్టడానికి చేతులు రావు. కార్బన్ డాట్స్‌కు ఆ బెడద లేదు. పైగా చక్కెర, పిండి, పండ్లరసం లాంటి వేటినైనా నీళ్లతో కలిపి, బిగించిన స్టీలు పాత్రలో నూట యాభై నుంచి రెండు వందల డిగ్రీల దాకా కొన్ని గంటలు వేడిచేస్తే వచ్చేస్తాయి. 2012లో ఒడిశా పరిశోధకులు నారింజరసం నుంచి చేసి చూపించారు. అప్పటి నుంచి కూర, కాయ, ఆకు దేన్నీ వదలకుండా కార్బన్ డాట్స్ చేసి పరిశోధనా పత్రాలు రాస్తున్నారు. సరదాగానే ఉంటుంది కానీ, ఏ ఆకుతో చేశారన్నది నా దృష్టిలో పెద్ద విషయం కాదు. చేసినదాని వెలుగు ప్రతిసారీ ఒకేలా ఉంటుందా అన్నదే విషయం. కాయ మారితే, కోత మారితే వెలుగు మారిపోయే చుక్కతో కొలతలు కుదరవు.

ఈ చుక్కలను జెల్‌లో ఎందుకు ఇరికించాలి? నీళ్లలో వదిలితే పరీక్షించే నీళ్లలోనే కలిసిపోతాయి, మళ్లీ తీయలేం. ఆరబెట్టి పొడిచేస్తే ఒకదాని మీద ఒకటి పడి, ఒకదాని శక్తి ఇంకోటి మింగి, వెలుగు చచ్చిపోతుంది. జెల్ ఈ రెండు చిక్కులూ తీరుస్తుంది. చుక్కలను విడివిడిగా నిలబెడుతుంది, జారిపోనివ్వదు. అయినా లోపలంతా నీళ్లే కాబట్టి, బయటి నీళ్లలో కరిగిన పదార్థం నెమ్మదిగా లోపలికి చేరగలదు. ఈ నెమ్మదిని తేలిగ్గా తీసుకోకూడదు. పొర మందం రెట్టింపైతే లోపలికి చేరే సమయం నాలుగు రెట్లవుతుంది. ఫొటోలో అందంగా కనిపించే జెల్లీ ముద్ద పరీక్షకు పనికిరాదు. పనికొచ్చేది కాగితంలాంటి పల్చటి పట్టీ.

జెల్ సాక్ష్యం చెప్పే తీరు ఇలా ఉంటుంది. ఇనుము, రాగి, పాదరసం లాంటి లోహాల అయాన్లు కొన్ని చుక్క ఉపరితలానికి అంటుకుంటాయి. పై మెట్టెక్కిన ఎలక్ట్రాను కాంతి వదలకుండా ఆ లోహం వైపు జారిపోతుంది. వెలుగు తగ్గుతుంది. ఎంత తగ్గిందో కొలిస్తే ఎంత లోహముందో తెలుస్తుంది. అయితే ఒట్టి తగ్గడాన్ని నమ్మడం ప్రమాదం. టార్చిలో బ్యాటరీ నీరసించినా వెలుగు తగ్గుతుంది కదా! అందుకని తెలివైనవాళ్లు రెండు రకాల చుక్కలు కలుపుతారు. ఒకటి పరీక్షకు స్పందించే నీలం, రెండోది దేనికీ చలించని ఎరుపు. అప్పుడు చూడాల్సింది వెలుగు ఎంతన్నది కాదు, నీలానికీ ఎరుపుకూ నిష్పత్తి. టార్చి బలహీనమైతే రెండూ కలిసే తగ్గుతాయి, నిష్పత్తి మారదు. ఫోన్ కెమెరా కూడా చదవగలిగేది ఇలాంటి రంగు మార్పునే.

తెలుగునాట ఈ పనికి దగ్గరి చుట్టం కొండగోగు. తూర్పు కనుమల అడవుల్లో పసుపుపచ్చని పెద్ద పూలు పూసి, కాయలో పట్టులాంటి దూది పెట్టుకునే చెట్టు అది. దాని బంకను హైదరాబాదు ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బయోకెమిస్ట్రీ ఆచార్యులు ఆర్.బి. శశిధర్, ఆయనతో పాటు వి.టి.పి. వినోద్ తదితరులు ఏళ్ల తరబడి పరిశీలించారు. దాని నిర్మాణం తేల్చారు, కలుషిత నీళ్లలోంచి నికెల్, క్రోమియం లాంటి లోహాలను అది పట్టుకోగలదని చూపారు. హైదరాబాదులోనే భాభా అణు పరిశోధనా కేంద్రానికి (బార్క్) చెందిన పదార్థ విశ్లేషణ కేంద్రం శాస్త్రవేత్త అరుణజ్యోతి కోర, శశిధర్‌తో కలిసి 2010లో ఆ బంకతోనే వెండి నానో కణాలు చేశారు. బంకే వెండి అయాన్లను లోహంగా మారుస్తుంది, బంకే ఆ కణాలను ముద్దకట్టనివ్వకుండా చుట్టుకుని కాపాడుతుంది. వేరే రసాయనంతో పని లేదు. 2014లో లోరి రస్తోగి తదితరులు అదే రకం వెండి కణాలతో నీళ్లలో పాదరసాన్ని పట్టే పరీక్ష ప్రచురించారు. అది ప్రతిదీప్తి కాదు, రంగు మార్పు. కానీ దారి ఒకటే: చెట్టుబంక ఒక చేత్తో కణాన్ని పట్టుకుని, రెండో చేత్తో విషాన్ని చూపిస్తుంది. అనంతపురం శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయంలో కె. మోహనరాజు బృందం హైడ్రోజెల్ వలల్లోనే వెండి, బంగారు నానో కణాలు పుట్టించి సూక్ష్మజీవుల మీద ప్రయోగించింది. వాళ్ల దృష్టి ఎక్కువగా గాయాల మీద, మందుల మీద.

వైద్యంలో వెలిగే జెల్‌కు చోటుంది. శరీరంలో పెట్టిన జెల్ ఎంత కరిగిందో దాని వెలుగును బట్టి చెప్పొచ్చు. కానీ నీలం కాంతి కండలో ఎంతో లోతుకు పోదు, ఎరుపు అంచున ఉన్న కాంతి కావాలి. ఆ దారి పొడవైనది, ఇక్కడ మనకు అవసరం లేదు.

మిర్చి దగ్గరికే తిరిగి వద్దాం, చిక్కంతా అక్కడే ఉంది. మిరపకాయ ఎరుపుకు మూలం కాప్సాంథిన్. ఆ రంగు సరిగ్గా నీలం కాంతిని మింగుతుంది. చాలా కార్బన్ డాట్స్ వదిలేది నీలం కాంతే. అంటే కాయను స్పిరిట్‌లో నానబెట్టి ఆ రసంలో పట్టీ ముంచితే, ఏ విషమూ లేకపోయినా వెలుగు తగ్గుతుంది. మంచి తేజ కాయ, రంగు బాగా ఉన్న బాడిగ కాయ ఇంకా ఎక్కువ తగ్గిస్తాయి. ఎంత మంచి కాయైతే అంత దోషిగా తేలుతుందన్నమాట! దీన్ని తప్పించాలంటే రంగును ముందే వడగట్టాలి, లేదా ఎరుపు వైపు వెలిగే చుక్కలు వాడాలి. రెండూ సాధ్యమే, కానీ శుద్ధమైన నీళ్లలో చేసిన పరీక్ష చూపించి మిర్చికి పనికొస్తుందనడం సాధ్యం కాదు.

పురుగుమందులతో ఇంకో పేచీ. కీటకాల నాడుల్లో, మన నాడుల్లో కూడా, ఎసిటైల్‌కొలినెస్టరేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది. మోనోక్రోటోఫాస్, క్లోరోపైరిఫాస్ లాంటి ఆర్గానోఫాస్ఫేట్ మందులు దాన్ని కట్టిపడేస్తాయి. పిచికారీ చేసే కూలీకి కళ్లు తిరిగి నోట నురగ రావడానికి కారణం అదే. జెల్‌లో ఈ ఎంజైమ్‌ను కూడా పెట్టి, అది పనిచేస్తే వెలుగు మారేలా అమర్చుతారు. మందు ఉంటే ఎంజైమ్ ఆగిపోతుంది, వెలుగు మారదు. చక్కని ఆలోచన. కానీ 2021లో నల్ల తామర పురుగు మిరప తోటల మీద పడ్డప్పుడు రైతులు చేతికి దొరికిన మందల్లా కొట్టారు. ఫిప్రోనిల్, స్పైనటోరం లాంటివి పనిచేసే చోటు వేరు, వాటికి ఈ ఎంజైమ్‌తో పనే లేదు. ఆ పట్టీ వాటిని చూడలేదు. పట్టీ బాగుందని చెప్పింది కాబట్టి సరుకులో మందు లేదనుకుంటే మోసపోతాం.

నమూనా సంగతి వీటన్నిటికన్నా మొండిది. అఫ్లాటాక్సిన్ బస్తా అంతటా సమంగా ఉండదు. బూజు పట్టిన పది కాయల్లో కుప్పగా ఉంటుంది, పక్క కాయ కడిగిన ముత్యంలా ఉంటుంది. గుప్పెడు తీసి పరీక్షిస్తే ఆ పది కాయలు గుప్పిట్లో పడ్డాయా లేదా అన్నదాన్ని బట్టి ఫలితం మారిపోతుంది. చాలాచోట్ల నుంచి కాయ తీసి, కలిపి, పొడికొట్టి, అందులోంచి నమూనా తీయాలి. ఏ నానో కణమూ ఈ చాకిరీని తప్పించలేదు.

మొక్క ఆధారితం అన్న మాటను కూడా ఒకసారి గీకి చూడాలి. పత్తి సెల్యులోజుకు గని. దూది తీశాక గింజకు అంటుకుని మిగిలే పొట్టి నూగు, లింటర్లు, దాదాపు స్వచ్ఛమైన సెల్యులోజు. పత్తి కట్టెలోనూ ఉంటుంది గానీ లిగ్నిన్‌తో పెనవేసుకుని ఉంటుంది, క్షారంతో ఉడికించి విడదీయాలి. సెల్యులోజు నీళ్లలో కరగదు కాబట్టి కాస్టిక్ సోడా, మోనోక్లోరోఎసిటిక్ ఆమ్లంతో కార్బాక్సీమిథైల్ సెల్యులోజుగా మారుస్తారు. అప్పుడు దానికి మనం చెప్పుకున్న రుణావేశాలు వస్తాయి, నీళ్లు తాగుతుంది. ఇంతవరకు ఫర్వాలేదు. చాలా జెల్‌లలో దీనికి ఎక్రిలమైడ్ గొలుసులు అంటుకడతారు. ఆ భాగాన్ని మట్టిలోని సూక్ష్మజీవులు సులువుగా విరవలేవు. అంటుకట్టగా మిగిలిపోయే ఎక్రిలమైడ్ నాడులకు విషం, కడిగి తీసెయ్యాలి. సగం పత్తి, సగం ప్లాస్టిక్ అయినదానికి పత్తి పేరు ఒక్కటే పెట్టడం నాకు నచ్చదు. వెండి కణాలు కలిపితే అవి ఎక్కడికి పోతాయో కూడా చెప్పాలి, ఎందుకంటే వెండి మట్టిలో మంచి సూక్ష్మజీవులనూ చంపుతుంది.

ఇవన్నీ చూశాక, వెలిగే జెల్ మొదట పనికొచ్చేది మిర్చి యార్డులో కాదనిపిస్తుంది. గుంటూరు దాటి పడమటి ప్రకాశం వైపు వెళితే కనిగిరి, పొదిలి, దర్శి మెట్ట ప్రాంతాల్లో అంతకంటే తేలికైన, అంతకంటే అవసరమైన పని ఉంది: తాగునీళ్లలో ఫ్లోరైడును పట్టడం. దేశంలో ఫ్లోరైడు తెచ్చే జబ్బు, ఫ్లోరోసిస్, మొదట వైద్యుల కంటపడి రికార్డయింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాలో. ఈ మెట్ట తాలూకాలు 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడేదాకా ఆ జిల్లాలోనే ఉండేవి. తాగునీళ్లలో ఫ్లోరైడు లీటరుకు 1 మిల్లీగ్రాము దాకా మేలని, ఇంకో గతి లేకపోతే 1.5 దాకా సరేనని భారత ప్రమాణం. ఆ ఒకటిన్నర మిల్లీగ్రాము అన్నది మిర్చిలో వెతికే అఫ్లాటాక్సిన్ హద్దుకు నూట యాభై రెట్లు. నీళ్లకు ఎర్ర రంగు లేదు. బాగా కలిసి ఉంటాయి కాబట్టి ఏ గ్లాసు తీసినా ఒకటే నమూనా.

ఫ్లోరైడుకు అల్యూమినియం, జిర్కోనియం అంటే విపరీతమైన మోజు. ఇప్పుడు వాడే ఫ్లోరైడు పరీక్ష కిట్లలో కొన్ని దీనిమీదే నడుస్తాయి. జిర్కోనియంతో కట్టిన ఎర్ర రంగు నుంచి ఫ్లోరైడు జిర్కోనియాన్ని లాక్కుంటే రంగు వెలిసిపోతుంది. ఇదే ఎత్తు జెల్‌లోనూ వేయొచ్చు. లోహం అంటుకుని వెలుగు ఆరిపోయిన చుక్కలను పట్టీలో పెడితే, ఫ్లోరైడు ఆ లోహాన్ని లాక్కుపోయి వెలుగును తిరిగి తెస్తుంది. చీకట్లో కొత్తగా పుట్టే వెలుగును చూడటం, ఉన్నది తగ్గడాన్ని చూడటం కంటే కంటికి సులువు.

ఇక్కడా చిక్కు లేకపోలేదు. ఫ్లోరైడు ఎక్కువున్న నీళ్లు సాధారణంగా సోడియం, బైకార్బొనేటు ఎక్కువగా, కాల్షియం తక్కువగా ఉండే రకం. ఉప్పునీళ్లలో జెల్ ముడుచుకుంటుందని పైన చెప్పుకున్నాం. ముడుచుకుంటే చుక్కలు దగ్గరై, ఫ్లోరైడు లేకుండానే వెలుగు మారుతుంది. కాబట్టి ఆవేశం లేని గువార్ లాంటి గొలుసు వాడాలి, లేదా ఆ ఊరి నీళ్లతోనే పట్టీని సరిచూసుకోవాలి. ల్యాబులో తయారుచేసిన డిస్టిల్డ్ వాటర్‌తో కాదు, ఆ బోరు నీళ్లతో.

నీరుకొండలోనో, ఐనవోలులోనో, అనంతపురంలోనో చదువుతున్న పిల్లలు ఈ పని ఎత్తుకుంటే వాళ్లను అడగాల్సినవి పెద్ద ప్రశ్నలేం కావు. వాడిన నీళ్లు ఏ బోరువి? ఎండలో నెల రోజులు పెడితే వెలుగు ఎంత మిగిలింది? పక్క ల్యాబులో ఇంకొకరు చేస్తే అదే అంకె వచ్చిందా? వీటికి జవాబుంటే పేటెంటు సంగతి తర్వాత చూసుకోవచ్చు. జవాబు లేకపోతే అది ఇంకా చీకటి గదిలో తీసిన బొమ్మే.

మిర్చి రైతు మాత్రం అందాకా ఆగనక్కర్లేదు. కాయను మట్టినేల మీద కాకుండా టార్పాలిన్ మీద ఆరబెట్టండి, రాత్రి మంచు పడకుండా కప్పండి. తేమ పదకొండు శాతం లోపుకు దిగాకే గోతాలకెత్తండి. తాలు కాయను, నల్లమచ్చ పడ్డ కాయను మంచి కాయలో కలపకండి. కాయ మీద నీళ్లు చల్లి తూకం పెంచుకోవడం బూజును పిలిచి పీట వేయడమే. ఎగుమతికి పోయే సరుకైతే గుంటూరులో స్పైసెస్ బోర్డు నాణ్యతా పరీక్షా కేంద్రం ఉంది, నమూనా అక్కడ చూపించుకోండి.